తడి తొవ్వ మీద ఉస్తాద్ లెక్క

జరుగుండ్రి, జరుగుండ్రి. నన్ను గూడ ఇంత మంట దగ్గరికి రానియ్యుండ్రి. ఆ ఎండుకంప ఇంకొంచెం లోపలికి ఎగదొయ్యి బిడ్డా. తుఫాను ముసురు పట్టిందంటే టీవీలోళ్ల కంటే ముందు నా మోకాళ్లకు తెలుస్తది. రేపు తెల్లారి మేడారం పోతమంటున్నరు గదా, జాతర మొదలుగాక ముందే మొక్కు అప్పజెప్పి వస్తమని. మంచిదే, పోయిరాండ్రి. కని ఇందాక మీలో ఒకడు అన్న మాట నా చెవుల పడ్డది. "వానల గూడ ఎనభైకి తగ్గకుంట కొడత, గుండె ఉండాలె" అన్నడు. పేరు చెప్ప, వానికే తెలుసు. వానికి జెప్పాల్సిన పాత ముచ్చట ఒకటున్నది. ఎట్లాగూ ఈ గాలికి నిద్ర పట్టదు, వినుండ్రి.

అప్పుడు మనది ములుగు జిల్లా గాదు, వరంగల్ జిల్లానే. ములుగు జిల్లా అయింది మొన్న 2019ల. మన పాలంపేటకు ఎవలన్న బయటోళ్లు వచ్చిండ్రంటే రామప్ప గుడి జూడనీకె వచ్చిన తెల్లోళ్లో, పురావస్తు శాఖోళ్లో. నేను మీసాలు మొలిచే వయసుల హనుమకొండకు పోయి, ములుగు రోడ్డుల ఒక మోటార్ సైకిల్ షెడ్డుల పనికి కుదిరిన. జీతమంటే ఏమీ లేదు. రెండు పూటల తిండి, పండుగకు ఒక జత బట్టలు. మా ఉస్తాద్ హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చినోడు. ఆయన్ని పేరు పెట్టి పిలిచినోణ్ని నేను జూడలే, షెడ్డు సేటు గూడ ఉస్తాద్ అనేటోడు.

మా షెడ్డుకొచ్చే బండ్లు మూడే రకాలు అప్పుడు. ఎస్కార్ట్స్ కంపెనీ రాజ్‌దూత్, మైసూరుల తయారయ్యే జావా, మద్రాసు బుల్లెట్. మూడింటికి మూడు గుణాలు. బుల్లెట్‌కు గేర్లు కుడికాలు కింద, ఎనక బిరేకు ఎడమకాలు కింద. రాజ్‌దూత్ తోలిన మనిషి బుల్లెట్ ఎక్కి, వానల తత్తరపడి బిరేకనుకొని గేరు తొక్కిండంటే ఇగ అంతే సంగతులు. జావాకు ఇంకో ఇచ్చంత్రం ఉండె. కిక్కు కొట్టే రాడే గేరు రాడు. కిక్కు కొట్టినంక దాన్ని ముందుకు మలిపితే అదే గేరైతది. ఇప్పటి పోరగాండ్లకు చూపిస్తే నవ్వుతరు. మాకైతే నవ్వులు రాకపోయేది, దాని స్ప్రింగు ఇరిగితే మార్చేసరికి వేళ్లు చీరుకపోయేటియి.

ఉస్తాద్‌కు పందాల పిచ్చి. తోలే పిచ్చి గాదు, చూసే పిచ్చి. ఒక ఏడు సేటును బతిమిలాడి, నన్ను ఎంటబెట్టుకొని మద్రాసు రైలెక్కిండు. మద్రాసుకు ఉత్తరాన షోలవరం అని ఉంటది. రెండో ప్రపంచ యుద్ధంల ఇమానాల కోసం పోసిన రన్‌వే. యుద్ధం అయిపోయినంక మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బోళ్లు దాని మీద పందాలు పెట్టేటోళ్లు. ఫిబ్రవరి దినాలల్ల ఊళ్లకు ఊళ్లు కదిలొచ్చేటియి. అది ఇప్పుడు మీరు టీవీల చూసే ట్రాక్ అసొంటిది కాదు. చదునైన సిమెంటు నేల, గడ్డి కట్టలు, డ్రమ్ములు, జనం. అంతే. కని ఆ వాసన మాత్రం నా ముక్కుల ఇంకా ఉన్నది. పందెం బండ్లల్ల ఆముదం కలిసిన ఆయిల్ పోసేటోళ్లు. ఎంత ఏడెక్కినా ఆముదం పలుచబడి ఇంజిన్‌ను వదిలిపెట్టదని. ఆముదమే కాలుతుంటే మన దీపాల వాసన రాదు, ఇంకేదో తియ్యటి ఘాటు వస్తది. క్యాస్ట్రాల్ అనే పేరే ఆముదం నుంచి పుట్టిందని ఉస్తాద్ చెప్తే నేను నమ్మలే. మా నాయన చెల్కల పండించే ఆముదాలకు గంత గొప్ప ఉన్నదా అనుకున్న. నిజమేనట.

ఆ పందెం చూసొస్తుంటే రైల్ల ఉస్తాద్ నన్ను ఒకటే మాట అడిగిండు. "గెలిచినోడు ఏం చేసిండు?" ఫాస్టుగ పోయిండు అన్న. "అందరూ ఫాస్టుగనే పోయిండ్రు. వాడు బిరేకు కొట్టి ఇడిసిపెట్టినప్పుడు బండి ముందర భాగం లేవలే, దిగలే. చూసినవా?" అన్నడు. నేను చూడలే. నేను పొగ చూసిన, మోత ఇన్న. ఆయన ముందు చక్రం స్ప్రింగులను చూసిండు.

ఎండిన నేల మీద అది అందం. తడి నేల మీద అదే పానం. ఎందుకో చెప్త.

టైరుకు నేలకు నడుమ అంటుకొనే జాగ మన అరచెయ్యంత గూడ ఉండదు. బండి, మనిషి, వేగం, మలుపు, బిరేకు, అన్నింటి భారం ఆ జాగ మీదనే. తడిల ఆ పట్టు ఇంత తగ్గుతది. తగ్గినా ఉంటది, లేకుంట పోదు. ఉన్న కాడికి వాడుకోవాలె, ఒక్కసారి గుంజొద్దు. బిరేకు ఒక్కసారి నొక్కినా, రేజు ఒక్కసారి ఇచ్చినా, హ్యాండిల్ ఒక్కసారి తిప్పినా ఆ కొంచెం పట్టు తెగిపోతది. ఉస్తాద్ మన ఊరికి వచ్చినప్పుడు చెరువు కట్ట మీద నన్ను నిలబెట్టి, వానల బిందెలెత్తుకొని వచ్చే ఆడోళ్లను చూడమన్నడు. "కాళ్ల కింద జారుతున్నది, వాళ్ల మెడ చూడు, కదులుతున్నదా?" అన్నడు. కదలలే. అడుగు ఏసేటప్పుడు మడిమె గుద్దకుంట, పాదం మొత్తం మోపుతున్నరు. "గట్ల తోలాలె" అన్నడు. ఇంకే పాఠం చెప్పలే ఆయన, చూసుకో అన్నడంతే.

తతిమ్మాది నేను బండ్లు ఇప్పి బిగిస్తుంటే నేర్చుకున్న. అప్పటి బండ్లకు డ్రమ్ము బిరేకులే. వాగుల దిగి ఎక్కినంక డ్రమ్ముల నీళ్లుంటయి, బిరేకు తొక్కినా పట్టదు. గా సంగతి తెల్వక ఎంతమంది అవతలి ఒడ్డుకు పోయి ఎడ్లబండికి గుద్దిండ్రో! వాగు దాటినంక మెల్లగ పోతనే బిరేకు ఊకె ఇంత ఆనిచ్చి పట్టుకుంటే రాపిడికి ఏడెక్కి నీళ్లు ఆరుతయి. ఇగ రాజ్‌దూత్, జావా టూ స్ట్రోకు బండ్లు. రేజు ఇడిసిపెడితే ఇంజిన్ బండిని ఆపదు, ఊకె ముందుకే పోతది. తడిల ఒక రకంగ అదే మంచిది, ఎనక చక్రం గుంజినట్టయి జారదు. బుల్లెట్‌కు అట్ల కాదు. గేరు తగ్గించి క్లచ్ ఒక్కసారి ఇడిసిండంటే ఎనక చక్రం పక్కకు పోతది. బండి గుణం తెల్వకుంట వాన తొవ్వ మీదికి పోవుడు దండగ.

ఇగ ఆ పందెం ముచ్చట. ఎమర్జెన్సీ దినాలు. ఆరుద్ర కార్తె, ముసురు ఇడుస్తలేదు. ఒక కాంట్రాక్టరు కొడుకు ఉండె, వానిది జావా. షెడ్డుకొచ్చి ఉస్తాద్‌తోని మాట మాట పెంచిండు. జంగాలపల్లి కాడికెళ్లి రామప్ప గుడి దాకా ఎవరు ముందు పోతరో చూద్దామన్నడు. నూరు రూపాయల పందెం. అప్పుడు నూరు రూపాయలంటే నా లెక్కన రాజ్యం. ఉస్తాద్‌ది షెడ్డుల పడున్న పాత రాజ్‌దూత్. ఎనక నన్ను కూసోబెట్టుకుంటనన్నడు. ఒక్కడివే పోతే బండి తేలిక గదా అని నేనంటే, "ఎనక బరువుంటే ఎనక చక్రం నేలను ఇడువదు, నువ్వు మాత్రం బియ్యం బస్తా లెక్కుండు, కదలకు" అన్నడు.

పొద్దుగాల లేచి ముందటి మడ్‌గార్డు ఇప్పిండు. నల్లరేగడి మట్టి మడ్‌గార్డుకు చక్రానికి నడుమ ఇరుక్కుంటే చక్రం తిరుగకుంట బిగుసుకపోతది, అందుకు. పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి ప్లగ్గు టోపీ మీద తొడిగి, అంచుకు గ్రీసు పూసిండు, నీళ్లు లోపలికి పోకుంట. ఇంకో ప్లగ్గు గుడ్డల చుట్టి అంగీ జేబుల పెట్టుకున్నడు. టైర్లల్ల గాలి కొంచెం ఇడిసిండు. ఇవన్నీ చేస్తుంటే జావా పిలగాడు పక్కకు నిలబడి సిగరెట్టు తాగుతున్నడు.

అప్పుడు ఆ తొవ్వ తారు కాదు, మొరం. నడుమ నడుమ నల్లరేగడి. ఎడ్లబండ్లు తిరిగి తిరిగి రెండు గాళ్లు పడుంటయి. జావా ఒక్క ఊపుల ముందుకు పోయింది, మాకు దాని పొగ దక్కింది. ఉస్తాద్ రెండో గేరుల్నే ఉన్నడు, తొందరపడలే. ఎడమ దిక్కు గాడి పట్టిండు, ఇగ దాన్ని ఇడువలే. గాడిల నీళ్లున్నా అందుల్నే పోతున్నడు. కాళ్లు కిందికి జాపలే. నేను భయానికి కాలు జాపబోతే మోచేత్తోని నా మోకాలు మీద పొడిచిండు. చూపు ముందు చక్రం మీద లేదు, ఎక్కడో దూరంగ మలుపు కాడ ఉన్నది. నేనేమో చక్రం దిక్కే చూస్తున్న, చూసినకొద్దీ పడతమనే అనిపిస్తున్నది. ఆయన మెడ మీది చెమట, వాన నీళ్లు కలిసి కాలర్లకు కారుడు నాకు గుర్తున్నది. ఆ చలిల చెమట ఏందిరా అనుకున్న.

ఒక తుమ్మచెట్టు కాడ జావా పిలగాడు కిందున్నడు. ఎడమ గాడిల నుంచి కుడి గాడిలకు అడ్డంగ పోదామనుకున్నడు. ముందు చక్రం గాడి అంచును ఎక్కక, దాని ఎంబడే పక్కకు జారింది. బండి ఒక దిక్కు, మనిషి ఒక దిక్కు. దెబ్బలేం తాకలే, మీసాల దాకా మట్టి. గాడి మారాలంటే దాదాపు నిలబడి, హ్యాండిల్ బాగ తిప్పి, నిట్టనిలువుగ ఎక్కించాలె, వాలుగ పోతే ఎవలైనా పడ్డట్టే. ఉస్తాద్ మెల్లగ ఆపి, దిగి, బండి లేపిచ్చి, కిక్కు రాడుకు పట్టిన మట్టి గోరుతోని గీకి స్టార్టు చేసిచ్చిండు. పందెం ఉన్నట్టా లేనట్టా అని నేను అడగబోతే, పిలగాడే "ఉన్నది" అని మళ్ల ముందుకు పోయిండు. మొండోడు. నాకు నచ్చిండు.

నడుమ వాగు మీద ఒక లో లెవెల్ కల్వర్టు. మేం పోయేసరికి దాని మీదికెళ్లి ఎర్రనీళ్లు పోతున్నయి. జావా ఒడ్డు మీద ఉరుముతున్నది, పిలగాడు దిగాలా వద్దా అని చూస్తున్నడు. ఉస్తాద్ బండి ఆపి స్టాండేసి, ఒక ఎండుపుల్ల ఇరిసి నీళ్లల్ల ఏసిండు. ఆ పుల్ల కల్వర్టు దాటి పోయేసరికి ఎంత సేపైతదో చూసిండు. మళ్లొకటి ఏసిండు, అంచు దగ్గర. అది గిర్రున తిరిగి మునిగింది. అంచు రాళ్లు కొట్టుకపోయి గుంత పడ్డదన్న మాట. వచ్చి బీడీ ముట్టిచ్చి "పందెం అయిపోయింది" అన్నడు.

జావా పిలగాడు నవ్విండు. "భయపడ్డవా ఉస్తాద్?"

"భయపడ్డ. ఇగో నీ నూరు" అని తీసి చేతుల పెట్టిండు. ఆ పిలగాడు పైసలైతే తీసుకున్నడు గని, వాగు దిగలే. ముగ్గురం మర్రిచెట్టు కింద పొద్దుమీకేదాకా కూసున్నం. నీళ్లు తగ్గినంక బండ్లు దొబ్బుకుంట అవతలికి పోయినం. ఆ రాత్రి మా ఇంట్ల జొన్నరొట్టెలు తిన్నం, ఆ నూరులకెళ్లే కోడిని కొనిపిచ్చిండు ఆ పిలగాడు.

ఏమయ్యా, నవ్వుతున్నవు? గుండె లేక ఆగిండనుకుంటున్నవా?

ఇప్పుడు మీరు ఫోన్లల్ల చూస్తరు గదా మోటోజీపీ. మనవడు నాకూ చూపిస్తడు, అద్దాలు పెట్టుకొని చూస్త. 2005 జులై 24న ఇంగ్లండుల డోనింగ్టన్ కాడ కుండపోత వాన. అసొంటి వానల రోసీ అనే ఇటలీ పిలగాడు గెలిచి, గీత దాటుకుంట ఫిడేలు వాయించినట్టు చేతులాడిచ్చిండు. గొప్పగొప్పోళ్లు ఆ దినం జారి గడ్డిల పడ్డరు. వాడేం చేసిండో రెండుసార్లు పెట్టిచ్చుకొని చూసిన. ముందర బిరేకు తగులుడు ఎంత మెత్తగనో! మలుపుల ఒళ్లంతా లోపలి దిక్కు ఏలాడేసిండు, బండిని మాత్రం నిటారుగ ఉంచిండు. బండి ఎంత తక్కువ వంగితే టైరుకు అంత ఎక్కువ నేల దొరుకుతది గదా. ఎండ ఉన్నప్పుడు అందరు పోయే బాటల్నే పోలే. ఎందుకంటే ఆ బాటల టైర్ల రబ్బరు అరిగి పేరుకొని ఉంటది, అది తడిస్తే సబ్బైతది. అందుకే వానల బయటి దిక్కు, గరుకు జాగ ఎతుక్కుంట పోతరు. తెల్లరంగు గీతలను, రంగులేసిన అంచులను తాకరు.

వాళ్ల టైర్లు గూడ ఏరు. ఎండకు నున్నటి టైరు, ఒక్క గీత ఉండదు. నేల మొత్తాన్ని అంటుకుంటది, ఏడెక్కితే ఇంకా అంటుకుంటది. వానకు లోతు గాళ్లున్న మెత్తటి టైరు. ఆ గాళ్లల్లకెళ్లి నీళ్లు పక్కలకు పోతయి, లేకుంటే టైరు నీళ్ల మీద తేలుతది, బండి మన మాట ఇనదు. మెత్తటిది ఎండిన నేల మీద నడిపితే ఏడికి చినిగిపోతది. అందుకే నడుమల వాన పడితే తెల్లజెండా చూపుతరు. బండి మార్చుకునేటోడు లోపలికొచ్చి రెండో బండెక్కి పోవచ్చు. 2005ల ఆ రూల్ తెచ్చిండ్రు. అంతకు ముందు వాన పడితే పందెం ఆపేటోళ్లు.

ఇగ 2021 ఆగస్టు 15, ఆస్ట్రియాల. మనకు జెండా పండుగ నాడు. చివరి మూడు నాలుగు చుట్లు ఉన్నయనంగ వాన దంచింది. ముందున్నోళ్లు అందరు లోపలికి పోయి వాన బండ్లు ఎక్కిండ్రు. బ్రాడ్ బైండర్ అనే దక్షిణాఫ్రికా పిలగాడు మాత్రం నున్నటి టైర్ల మీదనే ఉండిపోయిండు. చివరి చుట్టు చూస్తే నాకు నోట్ల తడి ఆరింది. మనిషి నడిచినంత మెల్లగ మలుపులు తిప్పుతున్నడు, బండి తొణుకుతున్నది, వాళ్ల కార్బన్ బిరేకులు చల్లబడితే పట్టవు, అది ఒకటి. గీత దాటినందుకు మూడు సెకండ్లు జుర్మానా ఏసినా వాడే గెలిచిండు.

మనవడు అప్పుడు నన్ను పట్టుకున్నడు. "తాతా, మీ ఉస్తాద్ ఆగిండు, బైండర్ ఆగలే, బైండరే గెలిచిండు గదా?"

నిజమే, మంచి ప్రశ్న. నేను ఒక దినమంతా ఆలోచించిన. బైండర్ గూడ పుల్ల ఏసినోడే. ఎన్ని చుట్లు మిగిలినయి, లోపలికి పోతే ఎన్ని సెకండ్లు పోతయి, ఎనకున్నోడు ఎంత దూరం, ఇయన్ని లెక్క చూసిండు. పడితే గులకరాళ్ల మైదానముంటది, నిమిషంల డాక్టరొస్తడు, ఎదురుంగ లారీ రాదు, బర్రె రాదు, ముసలమ్మ రాదు. మా ఉస్తాద్ లెక్కల నీళ్ల కింద గుంత ఉన్నది, ఎనక నేనున్న, కింద వాగున్నది. ఇద్దరిదీ లెక్కనే, జాగలు ఏరు. బైండర్‌ను మన కల్వర్టు కాడ నిలబెడితే బీడీ అడిగి ఉస్తాద్ పక్కన కూసునేటోడని నా నమ్మకం.

పందాలు తోలాలని ఉంటే తోలుండ్రి, నేనొద్దన్న. షోలవరం తర్వాత 1990ల మద్రాసు పక్కన ఇరుంగట్టుకోట్టైల ట్రాక్ వచ్చింది, కోయంబత్తూరుల కరి ట్రాక్ ఉన్నది. అక్కడ నేర్పిస్తరు, తోలు బట్టలు, హెల్మెట్టు అన్నీ ఉంటయి. సినిమా అజిత్ ఉన్నడు గదా, మన సికింద్రాబాద్‌ల 1971ల పుట్టినోడు. బైకు పందాలల్ల దెబ్బలు తిన్నడు, ఇడువలే. మొన్న 2025 జనవరిల దుబాయి 24 గంటల కార్ల పందెంల ఆయన టీం తన తరగతిల మూడోది వచ్చింది. 2023 సెప్టెంబరుల నోయిడా దిక్కు మోటోజీపీయే వచ్చింది గదా. అక్కడ వాన గాదు, ఎండ దెబ్బకు పందెం చుట్లు తగ్గించిండ్రు. పెద్దపెద్ద పందెపోళ్లే వాతావరణం ముందర తల వంచిండ్రు, మరి మనమెంత?

మన రామప్పకు యునెస్కో 2021ల గుర్తింపు ఇచ్చినకాడికెళ్లి ఐతారం ఐతారం హైదరాబాద్‌కెళ్లి పెద్ద బండ్లు గుంపులు గుంపులుగ వస్తున్నయి. రామప్ప చూసి, లక్నవరం చూసి, బొగత దాకా పోతరు. బండ్లు మంచియి, ఏబీఎస్ ఉన్నది, చక్రం బిగుసుకపోకుంట అదే చూసుకుంటది. కని ఏబీఎస్ పట్టు పుట్టియ్యదు, ఉన్న పట్టును పోగొట్టుకోనియ్యదు, అంతే. మన తొవ్వల మీద ఏముంటదో వాళ్లకు తెల్వదు. నాట్ల కాలం కేజ్‌వీల్ ట్రాక్టర్లు పొలంలకెళ్లి ఎక్కుతయి, గజాల కొద్ది బురద తారు మీద పడుతది. వడ్లు ఆరబోసిన కాడ గడ్డి తడిసి ఉంటది. తొలి చినుకులకు తారు మీది నూనె, దుమ్ము పైకి తేలుతది. అసలు జారుడు ఆ మొదటి అర్ధగంటనే, బాగ కురిసి కడిగినంక కొంచెం నయం. పస్రా దాటినంక అడవిల టేకాకు రాలి తడిసి ఉంటది. ఆ ఆకు మీద మీకు తెల్వకుంటనే ముందు చక్రం పోతది. ఇవన్నీ ఫోన్ల చూపియ్యరు.

ఇగ నీళ్ల సంగతి అయితే మీకే తెలుసు. 2023 జులైల మన వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటల ఒక్క దినంల 649.8 మిల్లీమీటర్ల వాన. జంపన్నవాగు పొంగి కొండాయిల మనుషులు కొట్టుకపోయిండ్రు. మీరందరు అప్పుడు ఊళ్లనే ఉన్నరు, నేను చెప్పుడెందుకు.

ఎనభై అన్నోడా, నీకే చెప్తున్న. నీ బండి ఎనక టైరు నేను పొద్దుమీకి చూసిన, గుండై ఉన్నది, నడుమల గీతలే లేవు. అది నీళ్లను పక్కకు పంపదు. తెల్లారి ములుగుల టైర్ల షాపు తెరిచిందాక ఆగి, కొత్తది ఏపిచ్చుకొని పో. పైసలు తక్కువైతే నా దగ్గర తీసుకో, వడ్ల పైసలు వచ్చినంక ఇయ్యి. మీరు నలుగురు గూడ తెల్లారి బయలెళ్లే ముందు బండ్లు ఒకసారి మా వాకిట్లకు తెచ్చి నిలబెట్టుండ్రి. బిరేకులు, గాలి నేను చూస్త.